నెత్తుటి దారిలో తూటా

‘దేహంలోకి చూపు’ ధారావాహిక – 9

గత భాగంలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ కథ చెప్పుకున్నాం. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో ఆయన ఒంట్లో దిగిన తూటా కోసం వైద్యులు రెండున్నర నెలలు వెతికారు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే యంత్రం పట్టుకొచ్చినా, ప్రధాన వైద్యుడు కుడివైపు మాత్రమే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న అధ్యక్షుడు పోయాక కోసి చూస్తే తూటా వెన్నెముకకు ఎడమవైపు, క్లోమం వెనక ఉంది. అది మొదటి రోజు ఎక్కడ ఆగిందో చివరిదాకా అక్కడే ఉంది. వెతికినవాళ్లే తప్పుచోట వెతికారు.

ఈసారి చెప్పుకోబోయేది దానికి ఎదురు కథ. వైద్యులు వెతకాల్సిన చోటే వెతుకుతారు, ఎక్స్‌రే కూడా తీస్తారు. గాయం పొట్ట మీద ఉంటుంది, తూటా తొడలో కనిపిస్తుంది. తొడలో దిగిన పెల్లెట్ ఊపిరితిత్తిలో తేలుతుంది. ఉదయం ఫిల్మ్‌లో గుండె దగ్గరున్న ముక్క సాయంత్రం ఫిల్మ్‌లో కాలేయం పక్కకు చేరుతుంది. రక్తనాళంలో దూరిన తూటా నెత్తుటితోపాటే సాగిపోతుంది. వైద్యులు దీన్ని బుల్లెట్ ఎంబోలిజం అంటారు. రక్తంలో కొట్టుకొచ్చి ఎక్కడో ఒకచోట అడ్డం పడేదాన్ని ఎంబోలస్ అంటారు. చాలాసార్లు అది గడ్డకట్టిన నెత్తురే. ఎప్పుడో ఒకసారి సీసపు ముక్క.

ఇది అరుదైన సంగతి. అయినా ఈ ధారావాహికలో దీనికి ఒక పూర్తి భాగం ఇవ్వడానికి కారణం ఉంది. దేహాన్ని బొమ్మ తీసే విద్య మొదట్లో ఒక నమ్మకం మీద నడిచింది. ఫిల్మ్‌లో ఎక్కడ కనిపించిందో వస్తువు అక్కడే ఉంటుందని, సర్జన్ కత్తి పట్టేదాకా అక్కడే ఆగుతుందని. ప్రయాణించే తూటాలు ఆ నమ్మకాన్ని పగలగొట్టాయి. బొమ్మ ఎప్పుడు తీశారన్నది, బొమ్మలో ఏముందన్నదంత ముఖ్యమని అవి నేర్పాయి. ఆ పాఠానికి కొందరు ప్రాణాలే చెల్లించారు.

పిల్లాడి తుపాకీ

కథ ఎక్స్‌రేకి అరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. ఇంగ్లండులోని వూస్టర్‌షైర్‌లో, సెవెర్న్ నది ఒడ్డున అప్టన్ అనే చిన్న ఊరు. థామస్ డేవిస్ అక్కడి సర్జన్. దగ్గరి పల్లెలో ఒక పదేళ్ల పిల్లాడు గాయపడ్డాడని కబురొస్తే వెళ్లాడు.

పిల్లాడు రొట్టె కాల్చుకునే ఫోర్కు పిడితో తుపాకీ చేసుకున్నాడు. గొట్టంలో గొట్టం జారే పిడి అది. దాని వెనక కొస మూయడానికి మూడంగుళాల కర్రముక్క దిగగొట్టాడు. మందు కూరి అంటిస్తే పేలుడు ముందుకు పోవడానికి బదులు వెనక్కి తన్నింది. కర్రముక్క ఊడొచ్చి, కుడివైపు మూడో నాలుగో పక్కటెముకల సందున ఛాతీలోకి దూసుకుపోయింది. పిల్లాడు తన కాళ్ల మీద తానే ఇంటికి నడిచి వెళ్లాడు. నెత్తురు బాగా పోయింది. గాయంలో చూస్తే కర్ర కనిపించలేదు.

మొదటి కొన్ని రోజులు పిల్లాడు కోలుకుంటున్నట్టే ఉన్నాడు. ఆ తర్వాత చిక్కిపోవడం మొదలైంది. ఐదు వారాల పైచిలుకు బతికి చనిపోయాడు. డేవిస్ శవపరీక్ష చేశాడు. కర్రముక్క గుండె కుడి జఠరికలో ఉంది. ఒక కొస జఠరిక అడుగుకు ఆనుకుని, రెండో కొస కవాటం దాటి పై గదిలోకి పొడుచుకుని, చుట్టూ నెత్తురు గడ్డకట్టి.

ఇక్కడిదాకా ఇది విషాదం. ఆ తర్వాత డేవిస్ చేసిన ఆలోచన వల్లే అది వైద్యచరిత్రలో నిలిచింది. గుండెలో మూడంగుళాల కర్ర ఉందంటే గుండెకు చిల్లు పడి ఉండాలి. ఆయన గుండె బయటి గోడంతా వెతికాడు. చిల్లు గానీ మానిన మచ్చ గానీ లేదు. గుండెను కప్పి ఉండే సంచి చూశాడు. అదీ చెక్కుచెదరలేదు. మరి కర్ర ఏ దారిన వచ్చింది? ఆయన గాయం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. కుడి ఊపిరితిత్తిలో గాయం ఆనవాలు దొరికింది. ఊపిరితిత్తి మొదలుకు ఆనుకునే మహాసిర ఉంటుంది. దేహంలోని చెడు రక్తమంతా గుండెకు చేర్చే పెద్ద నాళం అదే. కర్ర ఊపిరితిత్తి గుండా మహాసిరలోకి దూరి ఉండాలి, అక్కడి నుంచి ప్రవాహమే దాన్ని గుండెలోకి ఈడ్చుకుపోయి ఉండాలి. 1834లో ఒక ప్రాంతీయ వైద్యసంఘం సంపుటంలో ఆయన ఈ వివరమంతా అచ్చువేయించాడు. బయటి నుంచి దూరిన వస్తువు రక్తంలో కొట్టుకుపోయి గుండె చేరిందని నమోదైన తొలి సందర్భంగా వైద్యులు నేటికీ దాన్నే చెప్పుకుంటారు.

ఈ విషయం మీద చదివినవాటన్నిటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది డేవిస్ రాసిన ఈ కొద్ది పేజీలే. కిరణాలు లేవు, స్కాన్ లేదు. మత్తుమందు వాడకం కూడా ఇంకా మొదలుకాలేదు. గాయం ఉండాల్సిన చోట గాయం లేదన్న ఒక్క ఆధారంతో ఆ పల్లె వైద్యుడు ప్రయాణం మొత్తాన్ని పట్టుకున్నాడు. నేటి రేడియాలజిస్టు కంప్యూటర్ తెర ముందు కూర్చుని వేసుకునే మొదటి ప్రశ్న కూడా ఆయన వేసుకున్నదే.

డెల్టా కాలువలు, ఉపనదులు

మిగతా కథ పట్టుబడాలంటే దేహంలోని నెత్తుటి దారుల తీరు ఒకసారి చూడాలి. గుండె ఎడమ జఠరిక నుంచి బయల్దేరే బృహద్ధమని మొదట్లో రెండున్నర సెంటీమీటర్లకు అటూఇటుగా వెడల్పుంటుంది. అక్కడి నుంచి ధమనులు బ్యారేజీ దిగువన కృష్ణా డెల్టా కాలువల్లా చీలుతూ, చీలినకొద్దీ సన్నబడుతూ పోతాయి. సిరలది ఎగువ నది తీరు. వాగులు ఏరుల్లో, ఏరులు నదిలో కలిసినట్టు చిన్న సిరలు పెద్ద సిరల్లో కలిసి, గుండె దగ్గరికి వచ్చేసరికి మహాసిరలవుతాయి.

ఇక తూటా సంగతి. పాయింట్ టూటూ తుపాకీ తూటా 5.6 మిల్లీమీటర్ల లావుంటుంది. అది బృహద్ధమనిలో పడితే అడ్డేమీ ఉండదు. దిగువకు జారి తొడ ధమనిలోనో మోకాలి వెనకో, తన లావుకు సరిపోయే చోట బిగుసుకుంటుంది. అక్కడి నుంచి కింద కాలికి నెత్తురు అందదు. పాదం చల్లబడుతుంది, నాడి దొరకదు. పొట్టలో కాల్పు తగిలిన మనిషి కాలు చల్లగా ఉందేమిటని ఒక నర్సుకో జూనియర్ డాక్టరుకో అనుమానం రావడంతోనే చాలా సందర్భాల్లో విషయం బయటపడింది. కుడికాలి కంటే ఎడమకాలిలో ఇది ఎక్కువ. నడుము దగ్గర బృహద్ధమని రెండుగా చీలేచోట ఎడమ కొమ్మ కొంచెం తిన్నగా సాగుతుంది కాబట్టి, కొట్టుకొచ్చేది అటువైపే మళ్లుతుందని వైద్యులు చెప్పే కారణం. షాట్‌గన్ పెల్లెట్ చిన్నది కాబట్టి మెడ ధమనుల్లోంచి మెదడు దాకా కూడా పోగలదు. పక్షవాతంతో పడిపోయిన మనిషి మెదడు ఫిల్మ్‌లో గుండ్రటి సీసపు చుక్క కనిపించిన సందర్భాలు వైద్యపత్రికల్లో ఉన్నాయి.

సిరలో పడ్డ తూటాకు దారి మొదట్లోనే ఇరుకు, పోనుపోను వెడల్పు. అందుకే మధ్యలో ఆగదు. గుండె కుడి గదులు దాటి, మళ్లీ చీలికలు మొదలయ్యే ఊపిరితిత్తి ధమనిలో ఇరుక్కుంటుంది. లేకపోతే కుడి జఠరిక లోపలి కండరపు అల్లికలో చిక్కుకుంటుంది. ధమనుల దారిన వెళ్లిన తూటా ఎక్కువమందిలో వెంటనే బాధ పెడుతుంది. సిరల దారిన వెళ్లింది చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. నొప్పి లేదు కాబట్టి వెతికేవాళ్లూ ఉండరు.

ఇంకో విచిత్రం ఉంది. సీసం నెత్తురు కంటే పదిరెట్లకు పైగా బరువు. సిరల్లో ప్రవాహపు ఒత్తిడి తక్కువ. మనిషి లేచి కూర్చుంటే చాలు, తూటా ప్రవాహానికి ఎదురుగా కిందికి జారగలదు. గుండె దాకా వచ్చింది వెనక్కి మళ్లి కాలేయపు సిరలోకో తుంటి సిరలోకో దిగిపోగలదు. ఇక గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకకు ముందు ఒక ద్వారం ఉంటుంది. పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకుపోదు. సిరల దారిన వచ్చిన చిన్న పెల్లెట్ ఆ సందులోంచి ఎడమవైపుకు దాటిందంటే ధమనుల్లో పడుతుంది. దాని ప్రయాణం మళ్లీ మొదటికొస్తుంది.

ఇంత తేలికైతే ఇది అరుదెందుకు? తూటా రక్తనాళపు ఒక గోడను చీల్చుకుని లోపలికి రావాలి, ఎదుటి గోడను చీల్చే సత్తువ మాత్రం దానిలో మిగిలి ఉండకూడదు. రైఫిల్ తూటాకు వేగమెక్కువ, రెండు గోడలూ దాటిపోతుంది. చిన్న పిస్తోలు తూటా, షాట్‌గన్ పెల్లెట్, బాంబు రేకుముక్క, ఎముకకో కండకో తగిలి ఊపు చచ్చాక, సరిగ్గా నాళం దగ్గర అలిసిపోవాలి. అందుకే ఇది జరిగినప్పుడు ఎవరూ ఊహించరు.

పింగాణీ కొస నుంచి గాజు పలక దాకా

ఎక్స్‌రేకి ముందు సర్జన్ కన్నంతా ఆయన వేలిలోనే ఉండేది, వేలు అందనిచోట సన్నటి కడ్డీలో. 1862లో ఇటలీ వీరుడు గారిబాల్డీ చీలమండలో తూటా ఉందా లేదా అని వైద్యులు తగవు పడ్డారు. ఫ్రెంచి సర్జన్ నెలాటన్ నునుపు చేయని పింగాణీ గుండు కొసకు బిగించిన కడ్డీ ఒకటి తయారుచేయించాడు. గాయంలో పెట్టి తిప్పితే ఎముకకు తగిలినా పింగాణీ తెల్లగానే ఉంటుంది. సీసానికి రాసుకుంటే నల్లటి గీత పడుతుంది. గీత పడింది, తూటా దొరికింది. దేహం లోపలి నుంచి వార్త మోసుకొచ్చిన ఆ నల్లగీతను నేను తొలి తూటా చిత్రాల్లో ఒకటిగానే లెక్కిస్తాను.

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ కొత్త కిరణాలను కనిపెట్టిన తీరు మూడో భాగంలో చూశాం. అక్కడి నుంచి మూడు నెలలు తిరగకుండానే, 1896 ఫిబ్రవరి 7న, కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ కాక్స్ ఒక యువకుడి కాలిని గాజు పలక మీద చిత్రించాడు. క్రిస్మస్ రోజున అతని కాలిలో తూటా దిగింది. సర్జన్లు కెలికి చూసి దొరక్క వదిలేశారు, పై గాయం మానింది, నొప్పి మానలేదు. కాక్స్ 45 నిమిషాలు కిరణాలు పంపాడు. పలక సరిగా పదునెక్కలేదు గానీ మోకాలి కింది రెండు ఎముకల మధ్య చదునైన తూటా నీడ తెలిసింది. సర్జన్ కిర్క్‌ప్యాట్రిక్ దాన్ని తీసేశాడు. ఆ పలక తర్వాత కోర్టులో సాక్ష్యంగా కూడా నిలిచింది. తూటా ముప్పావుగంట కదలకుండా ఉండబట్టే నీడ పడింది. కదిలే తూటాకు ఆనాటి పలక మీద ఆనవాలే ఉండేది కాదు.

యుద్ధాలు ఈ విద్యను పరుగెత్తించాయి. అదే ఏడు ఇథియోపియాలోని అడ్వా యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు నేపుల్స్ సైనిక ఆసుపత్రిలో గ్యుసెప్పె అల్వారో ఎక్స్‌రే తీశాడు. 1897–98లో బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దున, నేటి పాకిస్తాన్‌లోని తీరా లోయల్లో అఫ్రీదీల మీదికి దండు వెళ్లినప్పుడు సర్జన్ మేజర్ బీవర్ యంత్రాన్ని కొండదారుల్లో మోయించుకెళ్లాడు. 1898 సూడాన్ దండయాత్రలో మేజర్ బాటర్స్‌బీ ఇద్దరు తొక్కే సైకిల్‌తో డైనమో తిప్పించి బ్యాటరీలు నింపుకున్నాడు. సైనికుల గాయాల్లో కడ్డీ పెట్టి కెలికే పని దీంతో తగ్గింది, చీము పట్టడమూ తగ్గింది. అది చిన్న మేలు కాదు.

నీడ ఒక్కటే చాలదని వాళ్లకు త్వరలోనే తెలిసింది. పలక మీద కనిపించే తూటా చర్మానికి దగ్గరుందా, లోతునుందా? లండన్‌లో జేమ్స్ మెకెంజీ డేవిడ్‌సన్ దారాలతో జవాబు చెప్పాడు. ఎక్స్‌రే గొట్టాన్ని కొలిచినంత దూరం జరిపి రెండు నీడలు తీస్తారు. రెండు స్థానాల నుంచి రెండు నీడలకు దారాలు లాగితే అవి ఒకదాన్నొకటి దాటేచోటే తూటా. అక్కడి నుంచి లోతు కొలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతికి రకరకాల రూపాలు వచ్చాయి. మేరీ క్యూరీ 20 దాకా ఎక్స్‌రే వాహనాలను రంగంలోకి దింపింది, 200 స్థిర కేంద్రాలు నెలకొల్పింది, కూతురు ఐరీన్‌తో కలిసి తానూ యుద్ధరంగానికి వెళ్లి పనిచేసింది. ఆ యంత్రాల ముందు పది లక్షల మందికి పైగా క్షతగాత్రులు పడుకున్నారు.

దారాల లెక్క మిల్లీమీటర్లలో తేలేది. ఆ కచ్చితత్వంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. రెండు నీడలకు మధ్య తూటా కదలదన్న ఊహ మీదే ఆ రేఖాగణితమంతా నిలబడింది. కండలో, ఎముకలో దిగిన తూటాకు ఆ ఊహ చెల్లుతుంది. గుండెలో, పెద్ద నాళాల్లో చెల్లదు. మెరిసే తెర మీద కిరణాలతో నేరుగా చూసే ఫ్లోరోస్కోపీ దీన్ని కళ్లకు కట్టింది. కొందరి ఛాతీలో లోహపు ముక్క గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరేది. 1919లో లండన్ సర్జన్ సర్ జాన్ బ్లాండ్-సటన్ ఆ యుద్ధపు అనుభవాలను కూడగట్టి, ఎంబోలస్‌లుగా మారే తూటాల గురించి ఒక ప్రత్యేక ప్రసంగమే చేశాడు. అది ‘లాన్సెట్’లో అచ్చయింది. అప్పటికి విషయం అందరికీ తెలిసినట్టే. గుండెలోకి చెయ్యి పెట్టే ధైర్యం మాత్రం ఇంకా ఎక్కువమందికి రాలేదు.

స్టోవెల్ పార్క్, 1944

ఆ ధైర్యం పాతికేళ్ల తర్వాత ఒక యువ సర్జన్‌కు వచ్చింది. డ్వైట్ హార్కెన్ అమెరికన్. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ దగ్గర స్టోవెల్ పార్క్‌లో ఉన్న 160వ జనరల్ హాస్పిటల్‌లో ఛాతీ శస్త్రచికిత్సలు చేసేవాడు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సేనలు దిగాక గాయపడ్డ సైనికులు వరసగా వచ్చారు. చాలామంది ఛాతీలో బాంబు రేకులు, తూటా ముక్కలు. కొన్ని గుండె గోడలో, కొన్ని గుండెను కప్పిన సంచిలో, కొన్ని గుండె గదుల లోపల.

గుండె గదిలో విడిగా ఉన్న ముక్కను వదిలేస్తే ఏమవుతుంది? దాని చుట్టూ గడ్డకట్టిన నెత్తురు విరిగి కొట్టుకుపోవచ్చు, ముక్కే కొట్టుకుపోవచ్చు. మురికి చేరి గుండె లోపొర చీము పట్టవచ్చు. ఆనాటి పెద్దలు చాలామంది గుండెను ముట్టుకోవద్దనే చెప్పేవారు. హార్కెన్ ముట్టుకున్నాడు.

చెయ్యి పెట్టే ముందు ఆయన బృందం చేసిన పనే మన కథకు ముఖ్యం. మనిషిని ఫ్లోరోస్కోప్ ముందు అటూ ఇటూ తిప్పి, ముక్క కదలికను గమనించేవారు. గోడలో దిగబడిన ముక్క గుండెతోపాటు ఒకే లయలో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గదిలో విడిగా ఉన్నది గింగిరాలు తిరుగుతుంది. సంచిలో ఉన్నది మనిషి పక్కకు ఒరిగితే తానూ జారుతుంది. ముందు తరానికి కదలిక అంటే బొమ్మను చెరిపే పొరపాటు. వీళ్లు ఆ కదలికనే చదివారు. రాంట్‌జెన్ తర్వాత తూటా చిత్రాల చరిత్రలో ఇంత పెద్ద మలుపు మరొకటి లేదని నా అభిప్రాయం.

యుద్ధం ముగిసేసరికి హార్కెన్ 134 మంది ఛాతీ మధ్య భాగం నుంచి ముక్కలు తీశాడు. వాటిలో 78 పెద్ద నాళాల లోపల, లేదా పక్కన ఉన్నవి, 56 గుండెకు సంబంధించినవి. ఆ 56లో 13 గుండె గదుల లోపలివి. 134 మందిలో ఒక్కరూ చనిపోలేదు. గుండె లోపలి శస్త్రచికిత్స సాధ్యమేనని ప్రపంచం నమ్మడానికి ఈ అంకె చాలా బలమిచ్చింది. ఆ బృందంలోని గుండె వైద్యుడు పాల్ జోల్, సర్జన్ వేలు తగలగానే గుండె ఎలా ఉలిక్కిపడి కొట్టుకుంటుందో దగ్గర నుంచి చూశాడు. 1952లో బోస్టన్‌లో ఛాతీ మీద నుంచి విద్యుత్తు పంపి ఆగిపోతున్న గుండెను నడిపించింది ఆయనే. నేటి పేస్‌మేకర్ వంశవృక్షంలో స్టోవెల్ పార్క్ ఆపరేషన్ గదికీ ఒక కొమ్మ ఉంది.

తూటా దారిలోనే క్యాథెటర్

ఈలోగా మరోచోట మరో దారి తెరుచుకుంది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే ఆసుపత్రిలో పాతికేళ్ల వెర్నర్ ఫోర్స్‌మన్ తన మోచేతి సిరను తానే కోసుకుని, మూత్రం తీసే సన్నటి గొట్టాన్ని (క్యాథెటర్‌ను) 65 సెంటీమీటర్లు లోపలికి నెట్టుకున్నాడు. అదే గొట్టంతో మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. గొట్టం కొస గుండె కుడి గదిలో ఉన్నట్టు ఫిల్మ్ చూపించింది. పై అధికారులు మెచ్చుకోలేదు. 1956లో నోబెల్ బహుమతిలో వాటా మాత్రం వచ్చింది. చేతి సిర నుంచి గుండె దాకా గొట్టం నడిచిన ఆ దారి, సిరలో పడ్డ తూటా నడిచే దారి ఒకటే. ఫోర్స్‌మన్ ప్రయోగానికి రెండేళ్ల ముందు పోర్చుగల్‌లో ఈగాస్ మోనిజ్ మెదడు ధమనుల్లోకి ఎక్స్‌రేకి కనిపించే మందు ఎక్కించి వాటి బొమ్మ తీశాడు. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్, కోత లేకుండా సూదితో నాళంలోకి తీగను, తీగ మీదుగా క్యాథెటర్‌ను పంపే పద్ధతి చెప్పాడు. ఈ మూడూ కలిసినప్పుడు, తూటా ఏ నాళంలో ఉందో, దాని కింద ప్రవాహం ఎక్కడ తెగిందో ఒకే యాంజియోగ్రామ్‌లో తెలియసాగింది.

వియత్నాం యుద్ధం లెక్క తేల్చింది. నార్మన్ రిచ్ అనే అమెరికన్ సైనిక సర్జన్ రక్తనాళాలు గాయపడ్డవారి వివరాలన్నీ ఒక పట్టికగా కూర్చాడు. 1978లో ప్రచురించిన లెక్క ప్రకారం సుమారు 7,500 మందిలో 22 మందికి తూటాయో రేకుముక్కో నాళంలో కొట్టుకుపోయింది. నూటికి 0.3. ఒక సర్జన్ తన వృత్తి జీవితమంతా పనిచేసి ఒక్కటి కూడా చూడకపోవచ్చు. కాబట్టి అనుభవం మీద ఆధారపడితే కుదరదు, ముందే అనుమానించడం నేర్పాలి.

అలా నేర్పే పద్ధతుల్లో ఒకటి చిన్నపిల్లలకు కూడా వచ్చే లెక్క. ఒంటి మీది చిల్లులు, లోపలున్న తూటాలు కలిపితే సరి సంఖ్య రావాలి. ఒంట్లోంచి దాటిపోయిన తూటా రెండు చిల్లులు చేస్తుంది. లోపల ఆగిపోయినది ఒక చిల్లు చేసి, తానొకటిగా లెక్కకొస్తుంది. ఎలా చూసినా తూటాకు రెండు. బేసి సంఖ్య వచ్చిందంటే ఒక చిల్లునో తూటానో ఇంకా ఎవరూ చూడలేదన్నమాట. అప్పుడు గాయం చుట్టుపక్కల తీసిన ఫిల్మ్ చాలదు, తల నుంచి పాదాల దాకా వెతకాలి. ఎక్స్‌రేకి ముందు ప్రతి చిల్లు పక్కనా ఒక లోహపు గుర్తు అంటించి పెడతారు. ఫిల్మ్‌లో గుర్తుకీ తూటాకీ మధ్య గీత గీసి చూస్తే, ఆ గీత తూటా వచ్చి ఉండగల దారేనా కాదా తెలుస్తుంది. కాకపోతే, డేవిస్ వేసుకున్న ప్రశ్న దగ్గరికే వస్తాం.

ఫిల్మ్‌లో మరికొన్ని ఆనవాళ్లుంటాయి. పక్కనున్న ఎముకల అంచులు స్పష్టంగా ఉండి తూటా అంచు మాత్రమే మసకబారిందంటే, అది గుండెతోపాటు కదులుతోందని అనుమానించాలి. రెండు ఫిల్మ్‌ల మధ్య తూటా మూతి తిరిగిన దిక్కు మారిందంటే అది కండలో బిగుసుకుని లేదు. సీటీ స్కాన్ అడ్డుకోతల్లో చూపిస్తుంది, మందు ఎక్కిస్తే నాళాలన్నీ వెలుగుతాయి. కానీ సీసం కిరణాలను పూర్తిగా మింగేస్తుంది. దాని చుట్టూ తెల్లటి, నల్లటి చారలు పరుచుకుని, నాళపు గోడ లోపలుందా బయటుందా అన్న అసలు సంగతినే కప్పేస్తాయి. ఈ చారలను తగ్గించడానికి నేడు రెండు రకాల శక్తితో స్కాన్ తీస్తారు, కంప్యూటర్ లెక్కలతో శుభ్రం చేస్తారు. గుండె దగ్గరైతే ఈసీజీ లయకు జతచేసి, గుండె సడలిన క్షణాల్లోనే బొమ్మ పట్టుకుంటారు. ఆహారనాళంలోంచి చేసే ఎకో పరీక్ష తూటా ఏ గదిలో ఉందో, కవాటానికి తగులుతోందో లేదో అప్పటికప్పుడు చూపిస్తుంది.

ఇన్ని ఉన్నా ఒక నియమం మాత్రం మారలేదు. రోగిని స్కాన్ గది నుంచి స్ట్రెచర్ మీద, స్ట్రెచర్ నుంచి ఆపరేషన్ బల్ల మీదికి మార్చడంలోనే తూటా జారిపోవచ్చు. ఛాతీ తెరిచి చూస్తే గుండెలో ఏమీ లేక, బల్ల మీదే మళ్లీ ఎక్స్‌రే తీస్తే పొట్టలోని సిరలో కనిపించిన సందర్భాలు సర్జన్లు రాసిపెట్టారు. అందుకే కత్తి పెట్టే ముందు, రోగి బల్ల మీద పడుకున్న ఆ భంగిమలోనే, ఇంకోసారి చూడాలి. గంట క్రితం తీసిన స్కాన్ ఎంత ఖరీదైనదైనా సరే. ఈ ఒక్క ఫిల్మ్ కోసం పట్టుబట్టే రేడియాలజిస్టును విసుక్కోకూడదు. ఒక మనిషికి అనవసరమైన ఛాతీ కోత తప్పించగలిగేది ఆ చివరి చూపే.

తీయాలా, వదలాలా

ధమనుల వైపు తూటా విషయంలో పెద్దగా వాదం లేదు. కాలికో చేతికో మెదడుకో నెత్తురు ఆపేస్తుంది, లేదా ఎప్పుడైనా ఆపగలదు కాబట్టి తీసేస్తారు. సిరల వైపు తూటా గురించే నేటికీ వైద్యులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఊపిరితిత్తి ధమని కొమ్మలో ఇరుక్కుని, ఏ బాధా పెట్టని చిన్న పెల్లెట్‌ను చాలామంది అలాగే వదిలి, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి కనిపెట్టుకుని ఉంటారు. గుండె గదిలో తిరుగుతున్నదాన్ని, కవాటానికి రాసుకుంటున్నదాన్ని తీయడానికే మొగ్గుతారు. ఛాతీ కోయకుండా తొడ సిరలోంచి క్యాథెటర్ పంపి, దాని కొసన ఉచ్చు విప్పి, తూటాను పట్టి వెనక్కి లాగే పద్ధతి ఇప్పుడు అందుబాటులోకొచ్చింది. లాగేటప్పుడు పట్టు తప్పితే తూటా మరోచోటికి పోగలదు కాబట్టి, ఆ పని మొదటి క్షణం నుంచి చివరిదాకా ఫ్లోరోస్కోపీ తెర మీద కన్ను తిప్పకుండా చేస్తారు.

తీయకుండా వదిలేసినవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఎప్పుడైనా ఎంఆర్ఐ పరీక్ష రాస్తే ఒంట్లో తూటా ఉన్న సంగతి ముందే చెప్పాలి. సీసం, రాగి ఆ అయస్కాంతానికి లొంగవు. ఉక్కు ఉన్న తూటా, బాంబు రేకు లొంగుతాయి. ఒంట్లో ఉన్నది ఏ లోహమో రోగికి సాధారణంగా తెలియదు. గాయం మానిన ఏళ్ల తర్వాత కూడా ఆ పాత ఫిల్మ్‌లు, ఆసుపత్రి కాగితాలు పారేయకుండా దాచుకోవాలి.

వచ్చే భాగంలో: 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక రోగి మెదడును అడ్డుకోతల్లో చూపించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం.

(సశేషం)